పొలిమేర కట్టిన రోజు

ఆ రోజుల్లో అమీర్‌పేటను హైదరాబాదు అంటే జనం నవ్వేవాళ్లు. పట్నం పోవాలంటే పొద్దున్నే సద్ది మూట కట్టుకుని బయలుదేరాలి. ఊరు నవాబుగారి జాగీరు. ఊరి దక్షిణాన, రోడ్డు పంజాగుట్ట బండల వైపు తిరిగే చోట, నడుమెత్తు నల్లరాయి ఒకటి పాతి ఉండేది. ఆ రాయి దాటితే దివానీ, అంటే నిజాం సర్కారు సొంత అమలు. తూర్పున బేగంపేట దాటి ఇంకాస్త పోతే ఇంగ్లీషువాళ్ల దండు. గంటన్నర నడకలో మూడు రాజ్యాలు! ముగ్గురికీ వేరువేరు పోలీసులు, వేరువేరు కచేరీలు. జులుం మాత్రం అందరిదీ ఒకటే.

దీనివల్ల దొంగలకు మహా సుఖంగా ఉండేది. అమీర్‌పేటలో కోడిని ఎత్తుకున్నవాడు పరుగెత్తి రాయి దాటి, అక్కడే కూర్చుని తీరిగ్గా బీడీ ముట్టించేవాడు. జాగీరు జవాను ఇవతల నిలబడి వాడి అమ్మనూ అక్కనూ తిట్టి వెనక్కి వచ్చేవాడు. ఒకసారి ఎవరిదో ఎద్దు సరిగ్గా రాయి పక్కన చచ్చిపడింది. తల మీ వైపుందని వీళ్లు, తోక మీ వైపుందని వాళ్లు, ఎద్దు ఉబ్బి కంపు కొట్టేదాకా వాదించుకున్నారు. వినడానికి నవ్వొస్తుంది. అదే వాదన తర్వాత ఒక మనిషి మీద జరిగింది, అప్పుడు నవ్వినవాళ్లు లేరు.

ఆ రాయికి ఊళ్లో అందరికంటే దగ్గరి ఇల్లు జీవమణిది. ఆమె భర్త ఏసోబు జాగీరు కావలికారు. వాళ్ల తాతల నాటి నుంచి ఆ రాయిని కాయడం, ఏటా దానికి సున్నం వేయడం ఆ ఇంటి పని. ఏసోబు, జీవమణి బాప్తిస్మం తీసుకున్నారు, ఆదివారం ప్రార్థనకు పోతారు. ఏసోబు తల్లి పోచమ్మ మాత్రం తీసుకోలేదు. "మీ ప్రభువు మంచోడే గావచ్చు బిడ్డా, కాని గా రాయి సంగతి గాయనకు తెల్వది" అనేది. కోడలు నవ్వి ఊరుకునేది. అత్తాకోడళ్లకు అంతకు మించి తగవు లేదు.

యుద్ధం రోజుల్లో, ఎండలు మండిపోతుండగా, గత్తర వచ్చింది.

గత్తర అంటే పట్నం డాక్టర్లకు కలరా. ఆ ఊళ్లో మాత్రం అది జబ్బు పేరు కాదు. అది ఒక ఆడమనిషి. మిట్టమధ్యాహ్నం, నీడ కాళ్ల కిందికి ముడుచుకునే వేళ, ఊరి పొలిమేరకు వచ్చి నిలబడి దాహమని అడుగుతుందని నమ్మేవాళ్లు. నీళ్లిచ్చిన ఇంట్లోకి నీళ్లతో పాటే వస్తుందట. ఏ వేషంలోనైనా వస్తుందట, ఏ భాషైనా మాట్లాడుతుందట. మూడు రాజ్యాల నడుమ ఉన్న ఊరు కదా, గత్తరకు కూడా ఉర్దూ వచ్చేది. అందుకని జబ్బు మొదలు కాగానే పెద్దమనుషులు పొలిమేర కట్టించేవాళ్లు. ఊరి చుట్టూ బూడిద గీత పోసి, దారుల మీద వేపమండలు గుచ్చిన తాడు అడ్డం కట్టేవాళ్లు. ఆ రోజు లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. బయటి మనిషికి నిప్పు ఇవ్వకూడదు, నీళ్లు ఇవ్వకూడదు, పేరు కూడా అడగకూడదు.

నల్లరాయి దగ్గర తాడు కట్టింది ఏసోబే. కట్టి, మిగతా దారులు చూడటానికి పెద్దమనుషుల వెంట పోయాడు. ఇంట్లో అత్తా కోడలూ మిగిలారు, వాళ్లిద్దరి మధ్య గోనెపట్టా మీద పిల్ల.

పిల్ల పేరు దేవమణి. తెల్లవారుజామున మొదలైన వాంతులు, విరేచనాలు పొద్దెక్కినా ఆగలేదు. కళ్లు లోపలికి పోయాయి. చేతులు ముడతలు పడి ముసలిదాని చేతుల్లా అయ్యాయి. "అమ్మా, నీళ్లు" అని అడుగుతోంది. తాగింది తాగినట్టే కక్కుతోంది, మళ్లీ అడుగుతోంది. జీవమణి చెంచాతో పోస్తూ, "ప్రభువా, ఒక్కతే బిడ్డ. వేరే ఏమీ అడగను, ఈ ఒక్కదాన్ని నాకు ఉంచు" అని పైకే అంటూ కూర్చుంది.

ఎండ నడినెత్తికి వచ్చింది. బేగంపేట వైపు గాలిమోటరు ఒకటి మోత పెడుతూ దిగింది. ఆ మోత అణిగాక వాకిలి అవతల నుంచి గొంతు వినిపించింది.

"పానీ... జర పానీ అమ్మా."

జీవమణి లోటాతో సహా లేచి గుమ్మంలోకి వచ్చింది. తాడుకు అవతల, రాయి పక్కన ఒక ముసలామె నిలబడి ఉంది. తెల్లటి ఓణీ తల మీద కప్పుకుంది, దానికి ఆకుపచ్చ అంచు. కళ్లు గుంటలు పడి ఉన్నాయి. గొంతు మనిషి గొంతులా లేదు, గాలి ఈలలా ఉంది. ఒక చేత్తో రాయిని పట్టుకుని, రెండో చేత్తో కటోరా, కళాయి పూసిన చిన్న రాగి గిన్నె, చాపి ఉంది. తాడును చూసి అక్కడే ఆగింది గాని, దాని కింద నుంచి వంగి రావాలని చూడలేదు.

"అయ్యో" అనుకుంది జీవమణి. అది మొదటి మాట. నిజంగానే అడుగు ముందుకు వేసింది.

వెనక నుంచి పోచమ్మ కొంగు పట్టి లాగింది. "ఏమైందే నీకు? కండ్లు పోయినయా? ఎండ చూడు, వేళ చూడు! గామెనే! మా అక్క గిట్లనే ఒక ముంత నీళ్లు పోసింది. పొద్దు గూకకముందే ఇంట్ల దీపం పెట్టెటోళ్లు లేకుండ పోయిండ్రు. నీ బిడ్డ గావాల్నా, గామె గావాల్నా?"

"అత్తా, మనిషి లెక్కనే ఉన్నది."

"మనిషి లెక్కనే వస్తది మరి! కొమ్ములు పెట్టుకొని వస్తదా?"

లోపల నుంచి దేవమణి మూలిగింది. "నీళ్లు..." అంది. బయట ఆమె "పానీ" అంది. రెండు గొంతులూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. దాహమన్నవాళ్లకు కాదనకూడదని పాస్టరయ్య ఎన్నిసార్లో చెప్పాడు, జీవమణి ఎన్నిసార్లో తల ఊపింది. కాని పక్కన బిడ్డ కళ్లు తేలేస్తుంటే తల ఊపిన మాటలు ఎవరికి గుర్తుంటాయి? చేతిలో లోటా నిండా నీళ్లున్నాయి. అవి ఒక్క గొంతుకే సరిపోతాయన్నట్టు దాన్ని గుండెకు హత్తుకుని, వెనక్కి నడిచి తలుపు మూసింది. గడియ కూడా పెట్టింది.

తలుపు సందులో నుంచి చూస్తే ఆకుపచ్చ అంచు చాలాసేపు కదలలేదు. తర్వాత నేల మీదికి జారింది. ఆ తర్వాత జీవమణి చూడలేదు.

సాయంత్రానికి దేవమణి కడుపులో నీళ్లు నిలిచాయి. పొద్దుటికి "ఆకలి" అంది. పోచమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని ఏడ్చింది. "తలుపు ఏసినవు గాబట్టి దక్కింది బిడ్డా. ఇగ ఎన్నడూ తియ్యకు. ఇచ్చినవంటే ఆమె బాకీ వసూలు చేసుకుంటది" అంది.

ముసలామె రాత్రిలోపలే పాకుతూ వెనక్కిపోయినట్టుంది, తెల్లారేసరికి దివానీ వైపు బండ నీడన చనిపోయి ఉంది. జాగీరు జవాను వచ్చి చూసి, కాళ్లు కూడా అటే ఉన్నాయి, మాకు సంబంధం లేదన్నాడు. దివానీ జవాను, చేతులు రాయి వైపు చాచి ఉన్నాయి, మీ ఊరికి వస్తున్న మనిషే అన్నాడు. వాళ్లు వాదించుకుంటుండగా ఎండ ఎక్కింది. చివరికి గత్తర శవాల బండి ఒకటి అటుగా వస్తే అందులో వేసి పంపేశారు. ఎక్కడ పూడ్చారో, ఎందరితో కలిపి పూడ్చారో ఎవరికీ తెలియదు. తాడు విప్పడానికి పోయిన ఏసోబుకు రాయి మొదట్లో కటోరా దొరికింది. మంచి రాగి అని ఇంటికి తెచ్చాడు. జీవమణి దాన్ని అటక మీద, పాత చాటల వెనక పెట్టింది.

ఊరి మధ్యలో మసీదు వెనక జైనబ్ ఉండేది. ఆమె భర్త ఇస్హాక్ చుంగీ నాకాలో జవాను. సరుకు బండ్లను ఆపి పన్ను వసూలు చేయడం అతని పని. జైనబ్, జీవమణి ఒకే బావిలో నీళ్లు తోడుకునేవాళ్లు, పదేళ్ల స్నేహం. గత్తర తగ్గి బావి దగ్గర మళ్లీ కలిసినప్పుడు జైనబ్ చంకలో పసిగుడ్డు ఉంది.

"కాన్పుకు మా అమ్మీ వస్తనన్నది అక్కా, రాలే. మస్తు కోపమొచ్చింది నాకు. గత్తరకు భయపడి కూసున్నదనుకున్న" అంది జైనబ్. "ఈయన పోయి అడిగితే, లక్డీకాపూల్ల ఆమె పని జేసే ఇంటోళ్లు చెప్పిండ్రట. ఎవరు ఆపినా ఇనలేదట. నా బిడ్డ ఒక్కతే ఉన్నదని తెల్లారంగనే బయలెల్లిందట. మరి యాడికి పోయింది?"

జీవమణి చేతిలో తాడు ఆగిపోయింది. "ఏం కట్టుకున్నది?" అని అడిగింది. ఎందుకడిగిందో, అడక్కుండా ఉంటే ఎంత బాగుండేదో!

"తెల్ల ఓణీ. పచ్చ అంచు నేనే కుట్టిన. చేతిల కటోరా ఉంటది ఎప్పుడూ. ఇంకొకరి గిన్నెల తాగదు ఆమె." జైనబ్ కళ్లు తుడుచుకుంది. "యాడనో ఉన్నది అక్కా. మా అమ్మీ గట్టిది. దారులన్నీ బంద్ ఉండె గదా, ఇంకో దిక్కు పోయుంటది. వస్తది."

ఆమె పేరు షరీఫున్నీసా అని, గత్తరకు ముందు ఆమెను ఎన్నడూ చూడని జీవమణికి అప్పుడు జైనబ్ చెప్తే తెలిసింది. చెప్పాలని నోరు తెరిచింది. చెప్తే ఏమని చెప్పాలి? మీ అమ్మ నా వాకిలి ముందు నీళ్లడిగితే తలుపేసుకున్నానని చెప్పాలా? పోచమ్మ మాట కూడా చెవిలో మోగుతూనే ఉంది. ఆ తలుపు మూసినందుకే కదా దేవమణి బతికింది. దాన్ని తప్పని ఒప్పుకుంటే, దక్కిన బిడ్డను తిరిగి ఇచ్చెయ్ అని గత్తర అడిగితే? బిందె నింపుకుని ఇంటికి వచ్చేసింది.

ఆ మర్నాటి నుంచి రాయి దగ్గరికి షరీఫున్నీసా రావడం మొదలుపెట్టింది.

మిట్టమధ్యాహ్నం వచ్చేది. రోడ్డు మీద మనిషి ఉండడు, బండల మీద గాలి మరుగుతుంటుంది. ఆ మరుగులో ముందు ఆకుపచ్చ అంచు కనిపించేది, ఆ తర్వాత చాపిన చెయ్యి. ఆ చేతిలో కటోరా ఉండేది కాదు. తాడు ఎప్పుడో తీసేశారు, అయినా రాయి దాటి ఒక్క అడుగు వేసేది కాదు. బతికున్నప్పుడు ఆగమన్న చోటే చచ్చాకా ఆగింది, ఎంత మర్యాదస్తురాలో పాపం! జీవమణి ప్రార్థన చేసింది, లాభం లేకపోయింది. ఒకసారి కుండ నిండా నీళ్లు తీసుకుని గుమ్మం దాకా పోయింది కూడా. వెనక దేవమణి దగ్గింది. ఉత్త పొడిదగ్గే. కుండ అక్కడే దించి, తలుపు మూసి, పిల్ల నుదురు పట్టుకుని కూర్చుంది.

తర్వాత అదే అలవాటైంది. ఎండ నెత్తికెక్కేసరికి ఆ ఇంటి తలుపు మూతపడేది. ఊరి నడుమ మసీదు వెనక జైనబ్ మాత్రం, అమ్మ ఏ వేళ వస్తుందోనని, పగలంతా తలుపు బార్లా తెరిచి ఉంచేది. కుక్కలొచ్చి రొట్టెలు ఎత్తుకుపోయినా మూసేది కాదు. ఊళ్లో పిల్లలు ఇద్దరినీ ఎగతాళి చేసేవాళ్లు. ఇద్దరి సంగతీ ఒకటేనని వాళ్లకేం తెలుసు?

ఏళ్లు గడిచాయి. దేవమణి జడ నడుము దాటింది. యుద్ధం ముగిసింది, రాజ్యం మారింది. జాగీర్లు ఇక లేవని చాటింపు వేశారు. అమీర్‌పేటకు, పంజాగుట్టకు ఒకటే సర్కారు, ఒకటే పోలీసు. నాకా కొయ్యను ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు. కాయడానికి హద్దు లేదు గనుక ఏసోబుకు కావలి పని పోయింది. సనత్‌నగర్‌లో కొత్తగా లేచిన కార్ఖానాలో గేటు దగ్గర కుదిరాడు.

ఒకరోజు పొద్దున రోడ్డు వెడల్పు చేసే కూలీలు వచ్చి గడ్డపారలతో నల్లరాయిని పెకలించారు. కింద లంకెబిందెలు ఉంటాయని ఊరంతా మూగింది. గుప్పెడు బొగ్గులు, ఇంత ఊక బయటపడ్డాయి, అంతే. ఇన్ని తరాలు మనుషుల్ని ఆపింది ఇదా అని జనం ఉమ్మేసి పోయారు. పోచమ్మ మాత్రం ఖాళీ గుంత వైపు చూస్తూ, "ఇగ గామెను ఆపెటందుకు ఏమున్నది?" అంది.

ఆ రాత్రి జీవమణికి నిద్ర లేదు.

మర్నాడు పోచమ్మ పొరుగున పెళ్లి పనులకు పోయింది. ఏసోబు అన్నం గిన్నె మరిచిపోయాడు. కొత్త పని, ఆకలితో పడి ఉంటాడని జీవమణి దాన్ని తీసుకుని సనత్‌నగర్ బయలుదేరింది. "ఎండ ఎక్కకముందే వస్త. తలుపు తియ్యకు. ఎవలు పిలిచినా తియ్యకు, ఇన్నవా?" అని దేవమణికి పదిసార్లు చెప్పింది. పిల్ల విసుక్కుంది. గేటు దగ్గర ఏసోబును పిలిపించేసరికే ఆలస్యమైంది. తిరిగి వచ్చేటప్పుడు నీడ కాళ్ల కిందికి చేరిపోయింది. చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తింది.

ఇంటి తలుపు తెరిచి ఉంది.

దేవమణి గుమ్మంలో కూర్చుని జడ అల్లుకుంటోంది. తల్లిని చూసి లేచింది. "గట్ల ఉరికొస్తున్నవేందమ్మా?"

"తలుపెందుకు తీసినవే?"

"ఒక ముసలవ్వ వచ్చింది. గిక్కడ్నే, గుమ్మం ముంగట నిలబడ్డది. నీళ్లడిగింది. ఎండకు ఒణుకుతున్నది పాపం, ఇయ్యకుంటే ఎట్ల?"

"ఇచ్చినవా?"

"ఇచ్చిన. మన గ్లాసుల తాగనన్నది. అటుక మీద పాత కటోరా ఒకటున్నది గదా, గది తీసి తోమి పోసిన. ఎంత తాగిందనుకున్నవ్! కుండ సగమైంది. తాగి నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. జైనబ్ ఇల్లు ఎటు బిడ్డా అని అడిగింది. చూపించిన. కటోరా గామెనే పట్టుకపోయింది, పోనీ అన్న. ఏందమ్మా, ఏమైంది?"

జీవమణి కూతురి నుదురు ముట్టుకుంది. బుగ్గలు ముట్టుకుంది, వేళ్లు ఒక్కొక్కటీ విప్పి చూసింది. చల్లగా, నున్నగా ఉన్నాయి. ఆకలేస్తోంది అన్నం పెట్టమంటోంది పిల్ల. ఇన్నేళ్లూ ఏ నీళ్లకు భయపడి చచ్చిందో ఆ నీళ్లు పోయనే పోశారు, బిడ్డ ఎదురుగా నిలబడి విసుక్కుంటోంది. అంటే ఆ రోజు పోసినా ఏమీ అయ్యేది కాదు. ఆ సంగతి తట్టగానే జీవమణికి ఏడుపు తన్నుకొచ్చింది. కూతుర్ని వదిలేసి, మసీదు వైపు పరుగు తీసింది.

జైనబ్ ఇంటి తలుపు ఎప్పటిలాగే తెరిచి ఉంది. జైనబ్ గుమ్మంలో గొంతుక్కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో కళాయి పోయిన రాగి కటోరా ఉంది, లోపల ఇంకా తడి ఆరలేదు.

"చూడు అక్కా" అంది జైనబ్. "నేను లోపల రొట్టె కాలుస్తున్న. ఎవరో వచ్చినట్టయ్యింది. చూస్తే మనిషి లేదు, గుమ్మంల గిది ఉన్నది. మా అమ్మీది! అంచుకు గీ సొట్ట నేను చిన్నగున్నప్పుడు పడేసింది. ఎవరు తెచ్చిండ్రు అక్కా? ఇన్నొద్దులు ఎవరి తాన ఉన్నది?"

జీవమణి చెప్పబోయింది. ఎండలో పరుగెత్తి పరుగెత్తి గొంతు ఎండిపోయింది, గాలి ఈలలాంటి చప్పుడొకటి వచ్చింది గాని మాట రాలేదు. జైనబ్ కంగారుపడి లేచింది. "అయ్యో, ఏంది గిట్లయినవ్? ఆగు, ఆగు" అంటూ లోపలికి పోయి, చేతిలో ఉన్న ఆ కటోరాలోనే నీళ్లు ముంచి తెచ్చి, నోటి దగ్గర పెట్టింది. "ముందుగాల తాగు. తర్వాత చెప్పు."

జీవమణి రెండు చేతులతో కటోరా అందుకుంది. పెదవుల దాకా తెచ్చి, ఆగి, దాన్ని గుమ్మం మీద ఇద్దరి మధ్యా దించింది.

"తాగినంక చెప్తే పాపం జైనబ్" అంది కష్టంగా. "ముందు చెప్త, ఇను. ఇన్నంక గూడ ఇయ్యబుద్ధయితే, అప్పుడు ఇయ్యి."

అని, పొలిమేర కట్టిన రోజు నుంచి మొదలుపెట్టింది.